గ్రంథాలయాల్లో విద్యార్థి సహాయకులు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తోటి విద్యార్థులకు సాయపడేందుకు వేతనంపై నియమితులయ్యే విద్యార్థులే విద్యార్థి సహాయకులు. అమెరికాలో ఈ పద్ధతి బాగా వేళ్లూనుకుంది. 1935లో ఏర్పడిన నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్, 1964 నాటి ఆర్థిక అవకాశాల చట్టంతో మొదలైన వర్క్ స్టడీ పథకం పేద విద్యార్థులకు క్యాంపస్‌లో పని కల్పించాయి.

తొలినాళ్లలో వీరి పని ఎక్కువగా పుస్తకాలు సర్దడం, ఇవ్వడం, తిరిగి తీసుకోవడమే. తర్వాత కొన్నిచోట్ల పరిశోధన సలహా కూడా వీరి బాధ్యతైంది. మిషిగన్‌లోని గ్రాండ్ వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2013లో ప్రారంభమైన మేరీ ఐడెమా ప్యూ గ్రంథాలయం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి 'నాలెడ్జ్ మార్కెట్'లో శిక్షణ పొందిన విద్యార్థులు పరిశోధన, రచన, ప్రసంగాలలో తోటివారికి సలహాలిస్తారు. వచ్చినవారి పని తాము చేసిపెట్టకుండా, ప్రశ్నలడుగుతూ దారి చూపడం, క్లిష్టమైన సందేహాలను గ్రంథాలయాధికారికి అప్పగించడం ఈ విధానంలో ముఖ్యం.

అమెరికాకు ఎఫ్-1 విద్యార్థి వీసాపై వెళ్లే తెలుగు విద్యార్థులకు వర్క్ స్టడీ వర్తించదు. అయితే చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. గ్రంథాలయ కొలువులూ ఇందులోకి వస్తాయి. గ్రంథాలయాధికారిని అడగడానికి జంకే విద్యార్థి తోటివారిని చనువుగా అడగగలడు. విద్యార్థి సహాయకుల విధానానికి అదే అసలైన బలం.