పిల్లలు పైకి, గుర్రాలు కిందికి

1838 జూలై 4. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బార్న్స్‌లీకి దగ్గరున్న సిల్క్‌స్టోన్ అనే ఊళ్లో మధ్యాహ్నం కుండపోత వాన మొదలైంది. గనిలోకి మనుషుల్ని దించే, పైకి లాగే ఆవిరి యంత్రం పొయ్యి ఆ వానకు ఆరిపోయింది. కింద పొద్దుటి నుంచీ పనిచేసి అలసిపోయిన పిల్లలు చాలాసేపు ఎదురుచూశారు. చివరికి కొందరు హస్కర్ గని ఏటవాలు సొరంగం గుండా నడిచి బయటపడదామని బయలుదేరారు. మధ్యలో గాలి కోసం అమర్చిన తలుపు దాటాక, పక్కనున్న వాగు పొంగి సొరంగంలోకి దూకింది. వెనక్కి పరుగెత్తితే ఆ తలుపు తెరుచుకోలేదు, నీళ్లు దాన్ని నొక్కిపట్టాయి. 26 మంది అక్కడే మునిగిపోయారు. అందరూ 7 నుంచి 17 ఏళ్ల మధ్యవాళ్లే, వాళ్లలో 11 మంది ఆడపిల్లలు.

చర్చి ఆవరణలో నిలిపిన స్మారకశిల ఈ ఘటనను దైవం చూపిన భయంకరమైన లీలగా చెప్పుకుంది. పిల్లలు అక్కడ ఎందుకున్నారన్న ప్రశ్న శిల మీద లేదు.

ఆ ప్రశ్న మెల్లగా లండన్ చేరింది. పార్లమెంటు సభ్యుడు లార్డ్ ఆష్లీ పట్టుబట్టగా 1840లో ఏర్పడిన రాయల్ కమిషన్ అధికారులు గనుల్లోకి దిగి, పనిచేసే పిల్లలతోనే మాట్లాడి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. 1842 మేలో వచ్చిన ఆ నివేదిక చదువుతుంటే ఇవాళ్టికీ గొంతు పట్టేస్తుంది. ఎనిమిదేళ్ల ఓ పాప పని గాలి తలుపు తీసి మూయడం. తెల్లవారుజామున నాలుగింటికి దిగి సాయంత్రం అయిదు దాటాక పైకొచ్చేది. దీపం ఉంటే పాడుకుంటానని, చీకట్లో పాడడానికి ధైర్యం చాలదని చెప్పింది. హాలిఫాక్స్ దగ్గర 17 ఏళ్ల అమ్మాయి దాదాపు నూటయాభై కిలోల బొగ్గు టబ్బులను తలతో నెట్టుకుంటూ సొరంగాల్లో తిరిగేది. టబ్బు ఒరిసి ఒరిసి ఆమె నడినెత్తిన వెంట్రుకలు ఊడిపోయాయి. స్కాట్లండ్ తూర్పు ప్రాంతంలో ఆడవాళ్లు వీపుమీద బొగ్గుగంపలు వేసుకుని నిచ్చెనలు ఎక్కేవారు.

స్కాట్లండ్‌లో దీని వెనక ఇంకా పాత కథ ఉంది. 1606 నాటి చట్టం ప్రకారం గనికార్మికుడు యజమాని రాసిచ్చిన పత్రం లేకుండా మరో చోట పనిలో చేరకూడదు. గని చేతులు మారితే అందులోని మనుషులూ చేతులు మారేవారు. ఈ కట్టు పూర్తిగా తెగింది 1799లో. అంటే కమిషన్ అధికారులు పలకరించిన పిల్లల తాతలు గనితోపాటు అమ్ముడుపోగలిగిన మనుషులు.

నివేదికలో బొమ్మలు కూడా వేశారు. పిల్ల నడుముకు గొలుసు బిగించి, మోకాళ్ల మీద పాకుతూ బండి లాగుతున్న బొమ్మను జనం కళ్లారా చూశారు. దేశం కంపించింది. అయితే ఆ కంపనానికి కారణాలన్నీ ఒక్కలాంటివి కావు. వేడికి ఒంటిమీద బట్ట తగ్గించుకుని మగవాళ్ల మధ్య పనిచేసే ఆడవాళ్లను తలచుకుని కలవరపడినవాళ్లు, ఆ పాప చీకట్లో పడే భయాన్ని తలచుకున్నవాళ్ల కంటే తక్కువేమీ లేరు. ఆడది గనిలో చెడిపోతే ఇల్లు చెడిపోతుందన్నది పెద్ద వాదన.

ఆష్లీ 13 ఏళ్లలోపు మగపిల్లల్ని దించకూడదన్నాడు. గని యజమానులు నిండిన ప్రభువుల సభ దాన్ని పదికి కుదించింది. బిల్లును గట్టిగా ఎదిరించినవాడు డర్‌హమ్‌లో పెద్ద గనులున్న లార్డ్ లండన్‌డెరీ. 1842 ఆగస్టులో చట్టం వచ్చింది. 1843 మార్చి 1 నుంచి ఏ స్త్రీ కూడా భూగర్భంలో పనిచేయకూడదు. దేశమంతటికీ ఒకే తనిఖీ అధికారి. గనిలోపలికి దిగి చూసే తనిఖీదారులు 1850లో గానీ రాలేదు. కూలి పోయిన ఆడవాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కొందరు మగవేషం వేసుకుని మళ్లీ దిగారు.

మరి టబ్బులు ఎవరు లాగాలి?

గుర్రం. ఇంగ్లండ్ ఉత్తర గనుల్లో పద్దెనిమిదో శతాబ్దం నుంచీ గుర్రాలుండేవి గానీ, చట్టం తర్వాత వాటికి గిరాకీ పెరిగింది. ఎత్తు తక్కువ సొరంగాలకు షెట్లాండ్ దీవుల పొట్టిగుర్రాలు సరిగ్గా సరిపోయాయి. 1870ల్లో అదే లండన్‌డెరీ వంశం వాళ్లు షెట్లాండ్‌లోని బ్రెస్సే, నాస్ దీవుల్లో గనుల కోసమే గుర్రాలను పెంచారు. ఎత్తు తగ్గాలి, బరువు పెరగాలి, ఒళ్లంతా నేలకు దగ్గరగా ఉండాలి. తరతరాలుగా ఏరి ఏరి కలిపారు. ఆడపిల్లల్ని ఆపవద్దన్న వంశమే వాళ్లు చేసిన పనికి తగ్గ జంతువును తయారుచేసింది. ఈనాటి షెట్లాండ్ జాతి గుర్రాల్లో చాలావాటి వంశం ఆ మందల దాకా వెళ్తుంది.

లోతైన గనుల్లో గుర్రాలశాల కిందే ఉండేది. ఒకసారి దిగిన గుర్రం చాలాచోట్ల ఏడాదికోసారి, గనికి సెలవులిచ్చినప్పుడు మాత్రమే పచ్చిక చూసేది. దాన్ని తోలేది తరచుగా పన్నెండు, పదమూడేళ్ల కుర్రాడు. రొట్టెలో సగం పంచుకున్న కుర్రాళ్ల కథలు, పైకప్పు పగులుతుంటే ముందే పసిగట్టి అడుగు వేయని గుర్రాల కథలు, అలవాటైన లెక్క కంటే ఒక్క టబ్బు ఎక్కువ తగిలిస్తే కదలని గుర్రాల కథలు గనికార్మికులు ఎన్నో చెప్పుకునేవారు. ఎంత పెంచి చెప్పినా వాటిలోని ఆప్యాయత మాత్రం నిజం. ఒకే చీకటిని పంచుకున్న ఇద్దరు పనివాళ్ల మధ్య పుట్టిన స్నేహం అది.

చట్టాల వరస చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గాల్వే పార్లమెంటు సభ్యుడు రిచర్డ్ మార్టిన్ 1822లోనే గుర్రాలను, పశువులను హింసించేవారికి పది షిల్లింగుల నుంచి అయిదు పౌండ్ల దాకా జరిమానా వేసే చట్టం తెచ్చాడు. జంతువుల రక్షణ సంఘం 1824లో లండన్‌లో ఒక కాఫీ హౌస్‌లో పుట్టింది. పిల్లలను హింసించడం నేరమని విడిగా చట్టం 1889 దాకా రాలేదు. మధ్య 67 ఏళ్లు. దీనికి జంతువుల మీద జాలిపడ్డవాళ్లను తప్పుపట్టకూడదు. ఆ సంఘం స్థాపకుల్లో బానిస వ్యాపారం మీద జీవితమంతా పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ కూడా ఉన్నాడు. తప్పు మరోచోట ఉంది. వీధిలో దెబ్బలు తినే గుర్రం అందరి కంటా పడుతుంది. ఇంట్లో బిడ్డ తండ్రి సొత్తు, గనిలో బిడ్డ ఎవరి కంటా పడదు.

1887 నాటి గనుల చట్టంలో గుర్రాల దారి, ఆడవాళ్ల దారి ఒకచోట కలిశాయి. తనిఖీ అధికారులు గుర్రాల బాగోగులు చూడాలని అందులో మొదటిసారి రాశారు. అదే బిల్లుతో గని ఒడ్డున బొగ్గు ఏరే ఆడవాళ్లను కూడా పంపేయాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. ఆ ఏడాది మేలో గని ఒడ్డు ఆడవాళ్లు పనిబట్టల్లోనే లండన్ వెళ్లి హోంమంత్రిని కలిశారు. తమ కూడు తియ్యొద్దన్నారు. ఆ సవరణ ఆగిపోయింది. 1842లో ఆడవాళ్ల గురించి అందరూ మాట్లాడారు గానీ, వాళ్లు ఇలా నిలబడి మాట్లాడే వీలు లేకపోయింది.

1911 చట్టం మరింత ముందుకెళ్లింది. నాలుగేళ్లు నిండని గుర్రాన్ని దించకూడదు, గుడ్డిదానితో పని చేయించకూడదు, రోజూ రిజిస్టర్ రాయాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లవాణ్ణి దించకూడదని కూడా అదే చట్టంలో ఉంది. 1913లో బ్రిటన్ గనుల్లో సుమారు 70,000 గుర్రాలున్నాయి. ఆ ఏడాదే వేల్స్‌లోని సెంఘెనిడ్ గనిలో పేలుడుకు 439 మంది కార్మికులు చనిపోతే, మేనేజర్ కట్టిన జరిమానా 24 పౌండ్లు.

మన దేశంలోనూ గనుల్లో మగవాడు పికాసుతో బొగ్గు కొడితే, భార్య గంపకెత్తి టబ్బులో పోసేది. ఝరియా, రాణీగంజ్ బొగ్గుగనుల్లో వేల కుటుంబాలు ఇలాగే జంటలుగా బతికాయి. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం ఆడవాళ్లను భూగర్భం నుంచి దశలవారీగా తీసేయడం మొదలుపెట్టి 1937 కల్లా పూర్తిచేసింది. జంట కూలి ఒంటి కూలి అయింది. 1943లో యుద్ధానికి బొగ్గు చాలకపోవడంతో అదే ప్రభుత్వం నిషేధం ఎత్తేసి, ఆడవాళ్లను మళ్లీ గనుల్లోకి దించింది. ఆరేళ్ల ముందు వాళ్ల ఆరోగ్యం కోసం, ఇంటి కోసం చెప్పిన మాటలన్నీ బొగ్గు అవసరం ముందు నిలవలేదు. యుద్ధం ముగిశాక, 1946లో వాళ్లను మళ్లీ పైకి పంపేశారు.