మర్దన ముగిసిన తరువాత

తలంటి అనగానే మనకు మొదట జ్ఞాపకము వచ్చునది నూనె. ఆ తరువాత ఆ నూనెను రుద్దిన చేయి. రుద్దుట పూర్తియైన మీదట జరుగవలసిన దానిని గురించి అంతగా తలచుకొనము. మన వైద్య గ్రంథములు మాత్రము అట్లు కాదు. మర్దన పొందినవాడు ఆ పిమ్మట ఏమి త్రాగవలెను, ఎప్పుడు పండుకొనవలెను, ఎంత నడువవలెను, చివరకు ఎంత మాట్లాడవలెను అను సంగతులను అవి శ్రద్ధగా చెప్పినవి. వాని దృష్టిలో పీట మీదినుండి లేవగానే చికిత్స ముగియలేదు.

చరక సంహిత అభ్యంగమును గూర్చి చెప్పుచు మూడు పోలికలు తెచ్చినది. నూనె పట్టించిన కుండ, నూనెతో మెదిపిన తోలు, నూనె పోసిన బండి ఇరుసు ఎట్లు గట్టిపడునో, నూనె రుద్దిన శరీరమును అట్లే గట్టిపడి శ్రమకు ఓర్చుకొనునట. మూడును పనికి వాడు వస్తువులే యని శ్రోతలు గమనింతురు గాక. ఇరుసుకు నూనె పోయునది బండిని చావడిలో నిలుపుటకు కాదు గదా!

సుమారు ఏడవ శతాబ్దికి చెందిన వాగ్భటుడు అష్టాంగహృదయములోని దినచర్యాధ్యాయమున ఈ వరుసను స్పష్టపరచినాడు. ప్రతిదినమును అభ్యంగము, తలకు, చెవులకు, పాదములకు మరింత శ్రద్ధగా. పిమ్మట వ్యాయామము, అదియు బలవంతుడు సైతము, చలికాలమునను వసంతమునను కూడ, తన బలములో సగము మేరకే చేయవలెను. తరువాత ఒళ్ళు పిసికించుకొనుట, పొడితో నలుగు పెట్టుకొనుట, కడపట స్నానము. కఫము పెరిగినవారికి, అజీర్ణముతో నున్నవారికి, వమన విరేచనాది శోధనలు జరిగినవారికి అసలు అభ్యంగమే వలదన్నాడు. స్నానపు నీటిని గురించి మరియొక మాట కలదు. వేడినీరు మెడ క్రింది శరీరమునకు బలమిచ్చును. దానినే తలపై పోసికొన్నచో జుట్టునకును కన్నులకును బలము తగ్గును. తలంటినాడు కాగులోని పొగలు గ్రక్కు నీళ్ళను నడినెత్తిన పోయు ఇండ్లలో పెరిగినవారము గనుక, ఇది చదివి మేము కొంత తడబడితిమి.

ఇట్టి వరుస గ్రంథములకే పరిమితము కాలేదనుటకు విజయనగరమునుండి సాక్ష్యము కలదు. 1520 ప్రాంతమున ఆ నగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల ఉదయమును వర్ణించినాడు. ఆ వ్రాతను రాబర్ట్ స్యూయెల్ 1900లో తన విజయనగర చరిత్రతో పాటు ఇంగ్లీషున ప్రకటించినాడు. రాయలు తెల్లవారకమునుపే సుమారు ముప్పాతిక పైంటు నువ్వుల నూనె త్రాగి, ఒళ్ళంతయు అదే నూనె పట్టించుకొనువాడట. చిన్న అంగవస్త్రము కట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, కత్తి పట్టి, పట్టిన నూనె యంతయు చెమటగా వెడలు వరకు సాధన చేయువాడట. ఆ మీద ఒక మల్లునితో కుస్తీ, ఆ మీద తెల్లవారు వరకు మైదానమున గుఱ్ఱపు స్వారి. అప్పుడు ఒక బ్రాహ్మణుడు ఆయనకు స్నానము చేయించును, తరువాత దేవతార్చన. నూనె, శ్రమ, స్నానము: వాగ్భటుని వరుసయే ఇది. సగము బలముతో ఆగుమను షరతును మాత్రము రాయలు పాటించినట్లు కనబడదు!

అయితే రాయలు రోగి కాడు. నొప్పి పోవుటకు, వాతము తగ్గుటకు తైల చికిత్స పొందువారికి అదే వాగ్భటుడు వేరొక మార్గము విధించినాడు. స్నేహవిధి యను అధ్యాయమున, నూనెను గాని నేతిని గాని ఔషధముగ త్రాగువాడు పాటింపవలసిన నియమములు వరుసగా ఉన్నవి. వేడినీటినే వాడుకొనవలెను. రాత్రి మాత్రమే నిదురింపవలెను. పగటి నిద్ర కూడదు. మలమూత్రాదులను బిగబట్టరాదు. వ్యాయామము, కోపము, దుఃఖము, చలి, ఎండ, ఎదురుగాలి, ప్రయాణము, అతిగా మాట్లాడుట, చిరకాలము కూర్చుండుట, మరీ ఎత్తైన లేక మరీ పల్లమైన తలగడ, పొగ, దుమ్ము, వీనిని అన్నింటిని విడువవలెను. ఎన్నాళ్ళు? చికిత్స ఎన్ని దినములో, అది ముగిసిన పిమ్మట మరి అన్ని దినములు. తక్కిన చికిత్సలకును ప్రాయికముగ ఇదే క్రమమని కూడ ఆయన చేర్చినాడు.

ఈ లెక్కను అక్షరాలా నిలుపుకొన్నది కేరళదేశము. అక్కడి వైద్యులకు అష్టాంగహృదయము ప్రధాన గ్రంథము. ఉళిచ్చిల్ అను మర్దనగాని, గోరువెచ్చని తైలమును గుడ్డతో ఒంటిపై పిండు పిళిచ్చిల్ గాని పదునాలుగు దినములు జరిగినచో, మరి పదునాలుగు దినములు రోగి ఇల్లు కదలక తేలికైన గంజి మొదలగువానితో గడుపవలెను. దీనిని వారు నల్లిరిక్క యందురు. నల్ల యనగా వారి భాషలో మంచి. చక్కగా కూర్చుండుట యని అర్థము. స్నానానంతరము మాడున రాస్నాది చూర్ణము రుద్దుటయు ఆ జాగ్రత్తలలోనిదే. నేడు దూరదేశములనుండి ఏడు దినముల చికిత్సకు వచ్చి ఎనిమిదవ దినమున విమానమెక్కువారు ఎందరో కలరు. వారు చికిత్సలో సగమే పొందుచున్నారని మా అభిప్రాయము.

ఇతరులననుట ఎందుకు? కొన్నేండ్ల క్రిందట మెడనొప్పికి మేమును ఒక సాయంత్రము తైలమర్దన చేయించుకొని, తిన్నగా స్టూడియోకు వచ్చి, చల్లని గదిలో రాత్రి ప్రసారము ముగించితిమి. మరునాడు మెడ ఏ వైపునకును తిరుగలేదు. గాలి తగులనీయకుడన్న పెద్దల మాటలో నేటివారికిని అర్థమగు కారణము కలదు. వేడికిని మర్దనకును చర్మములోని రక్తనాళములు విప్పారి యుండును. ఒళ్ళు త్వరగా చల్లబడును. దిగ్గున లేచినచో కన్నులు తిరుగును. అరికాలి నూనెతో స్నానాలగదిలో జారిపడినవారి కథ ప్రతి ఇంటను ఒకటి ఉండును. మర్దనవలన విషపదార్థములు కరగి బయటపడును, వానిని నీటితో కడిగివేయవలెనని నేడు కొందరు చెప్పుదురు. అందుకు నిదర్శనము లేదు. దాహమునకు నీరు త్రాగిన చాలును.

ఈ నీటి సంగతి మన ఇండ్లలో మరియొక చోట పట్టింపునకు వచ్చినది. మన తెలుగుదేశమున మర్దనానంతర నియమములు పూర్తిగా నిలిచినది బాలింతరాలి గదిలోనే. నువ్వుల నూనె, కాగిన నీళ్ళు, నడికట్టు, చెవులలో దూది, తలకు గుడ్డ, కాయము, పాతబియ్యపు అన్నము, సాంబ్రాణి పొగ. ఇందులో విశ్రాంతియు వెచ్చదనమును మేలైనవి. ఇంటిచాకిరికి దూరముగా కొన్ని వారములు ఉండుట ఆ తల్లికి వేరొక విధముగ దొరకునది కాదు. కాని మూసిన గదిలో పొగ పసివాని ఊపిరితిత్తులకు చెరుపు; గ్రంథము విడువుమన్న వానిలో పొగయు ఉన్నదని చూచితిమి. అన్నిటికంటె కఠినమైనది, నీళ్ళు త్రాగిన ఒళ్ళు వచ్చునని బాలింతకు గుక్కెడు నీళ్ళు కొలిచి యిచ్చుట. దీనిని శాస్త్రమని చెప్పి చేసినారు. వాగ్భటుని నియమములు మొదలగునదే వేడినీటితో. పాలిచ్చు తల్లి దాహము తీర త్రాగవలెననియే నేటి వైద్యులును చెప్పుచున్నారు. వారు చెప్పునది మరియొకటి కలదు: ప్రసవానంతరము ఒక కాలు మాత్రము వాచి నొప్పి పుట్టినచో లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును, అట్టి కాలిని నూనెతో రుద్దక, ఆనాడే వైద్యునికి చూపవలెను.