ఉప్పుచేపకు ఆ వాసన ఎక్కడిది?

ఉప్పుచేప పేదవాడి కూడనీ, ఐసు రాగానే దాని కాలం చెల్లిపోయిందనీ తేల్చేయడం రివాజు. కొల్లేటి పల్లెలకు ఈ లెక్క సరిపోదు.

చేపను ఉప్పులో మాగబెట్టడం ఎంతో పాత విద్య. రోమన్ల గారమ్, బర్మా ఙపి ఆ కోవలోవే. మన దగ్గర కథను మలుపు తిప్పింది రుచి కాదు, పన్ను.

నిలవ చేపకు ఉప్పు దండిగా పట్టాలి. మూడు నాలుగు పాళ్ళ చేపకు ఒక పాలు పోయాల్సిందే. ఉప్పు ప్రియం కావడం ఈ పనికి అడ్డమని బ్రిటిష్ ఇండియా మత్స్యశాఖ అధికారి ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలోనే కనిపిస్తుంది. 1888లో సర్కారు మణుగు ఉప్పుకు, అంటే సుమారు 37 కిలోలకు, రెండున్నర రూపాయల సుంకం వేసింది. మద్రాసు తీరం వెంట సుంకం లేని ఉప్పుతో యార్డులు తెరిచిన మాట నిజమే. కానీ ఆ ఉప్పును యార్డులోనే, అధికారుల కళ్ళెదుటే వాడాలి. భీమడోలు దిగువన వల వేసేవాడికి అందులో ఒరిగిందేమిటి? ఉప్పు చాలని చేప సగం మాగి సగం కుళ్ళుతుంది. జనం ఈసడించే కంపులో పెద్ద వాటా ఆ పన్నుదేనని చెప్పాలి. అంతా దానిదే అనలేం: ముసురు పట్టినప్పుడు ఎంత ఉప్పేసినా చేప చెడుతుంది, సన్న పరిగెలు ఉప్పు లేకుండానే ఎండలో చక్కగా ఆరుతాయి.

1947లో పన్ను పోయింది. ఆ తర్వాత కొల్లేట్లో చేపల చెరువులొచ్చాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో గట్లు కొట్టారు, అయినా బొచ్చె, శీలావతి సాగు తగ్గలేదు. పిల్ల వదిలేముందు చెరువులో పరిగెలు, జెల్లలు లేకుండా ఏరేస్తారు, లేదంటే మందేసి చంపేస్తారు. ముల్లుతో సహా నమిలి తినే ఆ చిన్న చేపల్లోనే సున్నం ఎక్కువ. ఐసు పెట్టెల్లో బెంగాలుకూ అస్సాంకూ పోయే పెద్ద చేప ఆ లోటు తీర్చదు. దీన్ని అభివృద్ధి అనడానికి మనసొప్పదు.

ఉప్పుచేప మేలే చేస్తుందని గుడ్డిగా వెనకేసుకు రావడమూ తప్పే. చైనా పద్ధతి ఉప్పుచేపను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే మేలని ఆ సంస్థే చెబుతుంది. మన వంటింటి పద్ధతి ఇక్కడే అక్కరకొస్తుంది. ముక్కల్ని వేడినీళ్ళలో నానబెట్టి, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, గుప్పెడే వంకాయ పులుసులో వేస్తారు. పులుసుకు వేరే ఉప్పు వెయ్యరు.