వరిమడి బురదలో బుడగలు



నాటు వేసి నెల దాటిన మడిలో కాలు పెట్టి చూడండి. పాదం దిగగానే బురదలోంచి బుడబుడ బుడగలు వస్తవి. అది గాలి అనుకుంటాం. గాలి కాదు. రామగుండం, గోదావరిఖని చుట్టుపట్ల వారికి అది బాగా తెలిసిన సరుకే. బొగ్గుబాయిలో సర్దారు పరీక్షించి చూసే గ్యాసు వున్నదే, అదే ఇది. మీథేను అని పేరు. గాలిలో నూటికి 5 పాళ్ళు మొదలు 15 పాళ్ళదాకా కలిసిందంటే నిప్పురవ్వ తగిలితే పేలిపోతుంది. మడిలో ఆ భయం లేదు, పైకి రాగానే చెదిరిపోతుంది.

ఇటలీలో వోల్టా అనే శాస్త్రజ్ఞుడు 1776లో సరస్సు ఒడ్డు బురద కెలికి ఈ గ్యాసును పట్టినాడు. 1815లో ఇంగ్లండులో డేవీ గనిపనివారి కోసం రక్షణదీపం తయారుచేశాడు. అయితే వరిమడి సంగతి కూలంకషంగా పరిశీలించింది మన దేశంలోనే. అప్పటి మద్రాసు వ్యవసాయశాఖలో హారిసన్, ఆయనతో పనిచేసిన పి. ఏ. సుబ్రహ్మణ్య అయ్యరు 1913 మొదలుకొని వరిమళ్ళ గ్యాసుల మీద వరుసగా పరిశోధనలు ప్రకటించారు. వారి ప్రశ్న చాలా మామూలు ప్రశ్న. నీరు నిలిచిన బురదలో గాలి లేదు గదా, మరి వరివేరు ఊపిరాడక ఎందుకు చావదు?

వారికి దొరికిన జవాబు బురద పైన తేలింది. అక్కడ పల్చని పాకుడు పొర వుంటుంది. కిందనుంచి వచ్చే మీథేనును ఆ పొరలోని సూక్ష్మజీవులు తిని బొగ్గుపులుసు గాలిగా మారుస్తవి. దాన్ని నాచు తీసుకొని, ఎండలో ప్రాణవాయువు విడుస్తుంది. అది వేళ్ళకు అందుతుంది. వరికాడలో సన్నటి గాలిదారులున్నవనీ, ఆకునుంచి వేరుకు అవే ఊపిరి మోస్తవనీ తరువాతి వారు తెలుసుకున్నారు. బురదలోని మీథేను కూడా ఎక్కువ భాగం ఆ దారినే పైకి పోతుంది, బుడగల్లో కనిపించేది కొద్దే.

ఈ గ్యాసును పుట్టించే జీవులు మామూలు బాక్టీరియా కూడా కావు. అవి వేరే జాతి అని 1977లో అమెరికాలో కార్ల్ వోస్ తేల్చాడు. గాలి తగిలితే వాటికి పని సాగదు. అసలు మన కింద వున్న బొగ్గు మాత్రం ఏమిటి? పాతిక కోట్ల ఏండ్లకు పైబడిన నాటి బురదనేలల్లో, గాలి అందక పూర్తిగా కుళ్ళని చెట్టూ చేమే.

ఇక నత్రజని కథ. పెంట లేకున్నా వరిమడి ఏండ్ల తరబడి ఎంతో కొంత పండుతూనే వుంటుంది, జొన్నచేను అట్లా పండదు. కారణం 1939లో పి. కె. డె చూపించాడు. బెంగాలు వరిపొలాల మట్టిని పరీక్షించి, నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తుందని రుజువు చేశాడు. తరువాత కాశీలో ఆర్. ఎన్. సింగ్, ఢిల్లీలో వెంకటరామన్ ఈ పని ముందుకు తీసుకుపోయారు. రేకుతొట్లలో నాచు పెంచి, ఎండబెట్టి, మడిలో చల్లే పద్ధతి వచ్చింది. బాగా పెరిగితే ఎకరానికి సుమారు 10 కిలోల నత్రజని వస్తుంది, అనగా యూరియా అరబస్తా మాట. దాంతోనే పంట గట్టెక్కుతుందని నేను చెప్పను.

అదే నత్రజనిని బొగ్గుతో పట్టడానికి రామగుండంలోనే ఎంత పెద్ద కార్ఖానా కట్టారో మీకు తెలుసు. ఎఫ్.సి.ఐ. వారి ఎరువుల ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గును గ్యాసుచేసి, మంటా ఒత్తిడీ పెట్టి అమ్మోనియా, దానినుంచి యూరియా. 1999లో మూతపడింది. ఆ స్థలంలో కట్టిన ఆర్.ఎఫ్.సి.ఎల్. 2021లో పని మొదలుపెట్టింది, ఇప్పుడు బొగ్గు కాదు, సహజవాయువు. ఆ సహజవాయువులో ముఖ్యమైనది మళ్ళీ మీథేనే! ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం.

ఫ్యాక్టరీ మీద నాకు ఫిర్యాదు లేదు. కాకతీయ కాలువ నీళ్ళు వచ్చి, వానాకాలం, యాసంగి రెండూ వరే అయినప్పుడు నాచు ఒక్కటే ఏం మోస్తుంది? ఫిర్యాదు మనం చల్లే తీరు మీద. 2025 వానాకాలంలో యూరియాకు కొరత వచ్చి, సొసైటీల ముందు తెల్లవారుజామునుంచి క్యూలు కట్టాం. అట్లా తెచ్చిన బస్తాను నిండు నీళ్ళలో విసిరితే ఏమవుతుందో జపానులో షియోయిరి ఎప్పుడో వివరించాడు. మడి బురదలో రెండు పొరలున్నవి. పైన గోరంత మందాన ఎర్రగా, గాలి తగిలే పొర. కింద నీలి బూడిదరంగు, గాలిలేని పొర. పైపొరలో సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటు చేస్తవి. అది కిందికి దిగితే అక్కడి జీవులు దాన్ని మళ్ళీ నత్రజని వాయువు చేసి ఆకాశంలోకి వదులుతవి. కొంత అమ్మోనియా నీటి మీదనుంచే ఆవిరైపోతుంది. పైగా యూరియా దండిగా దొరికిన నాచు, గాలినుంచి నత్రజని పట్టే పని మానుకుంటుంది. ఊరికే తిండి దొరికితే ఎవరు కష్టపడతారు!

ఎరువు వేసిన మడిలో సైతం పైరు తినే నత్రజనిలో సగానికి పైగా మట్టినుంచే వస్తుంది. ఆ మట్టిలోని జీవాలకు తిండి కావాలి. ఎడ్లు పోయినవి, పెంట తగ్గింది, హార్వెస్టరు వదిలిన గడ్డికి నిప్పు పెడుతున్నాం. అట్లాగని పచ్చిగడ్డిని నీళ్ళలో తొక్కి వెంటనే నాటు వేయరాదు. మీథేను పెరుగుతుంది, వేళ్ళు నల్లబడతవి. కోసిన వెంటనే, నేల ఆరి వున్నప్పుడే కలియదున్ని మాగనివ్వాలి. వ్యవధి వున్నచోట కరిగట్టుకు ముందు జీలుగ గానీ జనుము గానీ వేసి, పూత దశలో దున్నవలెను.

యూరియాను రెండు మూడు దఫాలుగా వేయండి. వేసేముందు నీరు తీసి, బురద పదునులో చల్లి, రెండు రోజులాగి పల్చగా నీరు పెట్టండి. పిలకల దశ చివర ఒకసారి నీరు తీసి, సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి, మళ్ళీ పెట్టండి. ఆ తరువాత మడిలో దిగి చూస్తే బుడగలు తక్కువగా వస్తవి, పీకి చూస్తే వేళ్ళు తెల్లగా వుంటవి.