ఊరడించేవారికి ఊరట

ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతాల మామిడిరైతు ఒక సత్యం ఎరుగును. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు కాపు తగ్గించినచో దానిని సోమరి అని నిందించడు. బడలినదని గ్రహించి నీరు, ఎరువు సమకూరుస్తాడు. ఈపాటి వివేకం నర్సుల విషయంలో లోకానికి కలగడానికి నూరేండ్లకు పైగా పట్టినది.

1854లో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధంలో గాయపడినవారి సేవకు వెళ్ళినది. దీపం చేతబట్టి రాత్రివేళ రోగుల నడుమ తిరిగిన ఆమె చిత్రం మనకందరకు పరిచితమే. కాని 1856లో స్వదేశానికి మరలిన పిదప ఆమె అనేక సంవత్సరాలు రోగపీడితయై గదికే పరిమితమైనదన్న సంగతి ఎందరు ఎరుగుదురు? లోకం దీపాన్ని కీర్తించినది. తరగిపోయిన చమురును గమనించలేదు.

మన దేశపు స్థితిని 1946లో భోర్ సంఘపు నివేదిక వెల్లడించినది. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఉన్న నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్కరు! ఇంగ్లండులో 300 మందికి ఒకరుండిరి. ఇట్టి భారం మోసే మనిషి చిరునవ్వు చెదరకుండ ఉండవలెనని కోరడం న్యాయమా?

1960లో ఇసబెల్ మెంజీస్ అనే పరిశోధకురాలు లండనులోని ఒక ఆస్పత్రిని పరిశీలించి విచిత్రమైన విషయం ప్రకటించినది. రోగిపై మమకారం పెరిగి నర్సు మనసు కుందకుండ, పనిని ముక్కలుగా పంచేవారు. రోగిని పేరుతో గాక మంచం నంబరుతోనో, జబ్బు పేరుతోనో వ్యవహరించేవారు. ఫలితం విపరీతమైనది. ఆందోళన తగ్గలేదు సరికదా, సేవలోని సంతృప్తి కూడ నశించినది. విద్యార్థినులలో సుమారు మూడవ వంతు శిక్షణ ముగియకుండానే వెళ్ళిపోయేవారు.

ఈ బడలికకు ‘బర్న్ అవుట్’ అన్న పేరును 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త వ్యాసం ద్వారా ప్రచారంలోనికి తెచ్చినాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకురాళ్ళు దీనిని కొలిచే విధానం ప్రకటించినారు. లక్షణాలు మూడు: మనసు అలసిపోవడం, ఎదుటివారిని మనిషిగా చూడలేకపోవడం, తన శ్రమ వ్యర్థమన్న భావం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇది వ్యాధి కాదనీ, పనిచోట ఎడతెగని ఒత్తిడిని చక్కదిద్దనందున కలిగే స్థితి అనీ పేర్కొన్నది. అనగా లోపం ఆమె స్వభావంలో గాక, పని ఏర్పాటులో వెదకవలెనన్నమాట.

కనుక ఆస్పత్రిలో నర్సు పలుకు ఎన్నడైన కరకుగా తోచినప్పుడు, ఆమె ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నదో ఒక్క క్షణం ఆలోచింతుము. చాలినంతమంది సిబ్బంది, వేళకు విశ్రాంతి, దుఃఖం చెప్పుకొనేందుకు ఒక తోడు — ఇవి ఆమెకు చేసే దయ కావు. చెట్టుకు నీరు పోయడం దయ అని ఏ రైతూ అనడు గదా!