ఇంటి పన్నుతో లేచిన గోడలు: మెతుకుసీమలో గ్రంథాలయ భవనం పుట్టుపూర్వోత్తరాలు

మెతుకుసీమలో, అంటే పూర్వపు మెదక్ జిల్లాలో, సంగారెడ్డి, జోగిపేట, పటాన్‌చెరు వంటి పట్టణాల్లో పౌర గ్రంథాలయానికి, అంటే కుల మత వివక్ష లేకుండా ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకోగల సార్వజనిక గ్రంథాలయానికి, సొంత గోడలు ఏర్పడిన తీరు తెలియాలంటే భవనం ముందున్న శిలాఫలకం ఒక్కటే చాలదు. తెలంగాణలో గ్రంథాలయం ముందు పుట్టింది, భవనం చాలాకాలానికి గాని రాలేదు. ఈ ఆలస్యానికి డబ్బు లేమి ఎంత కారణమో, నిజాం కాలపు అనుమతుల వ్యవస్థ కూడా అంతే కారణం.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇందుకు తొలి ఉదాహరణ. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ప్రభృతుల పూనికతో రంగారావుగారి ఇంట్లోనే ఆరంభమైన ఆ సంస్థకు సుల్తాన్‌బజారులో సొంత భవనం సమకూరేసరికి 1921 వచ్చింది. సుల్తాన్‌బజారు అప్పట్లో బ్రిటిష్ రెసిడెంటు అధికార పరిధిలో ఉండేది. 1933లో గాని ఆ బజార్లు తిరిగి నిజాం ప్రభుత్వానికి దక్కలేదు. అందువల్ల నిజాం అధికారుల ఆంక్షలు నేరుగా సోకని ఆ చోట తెలుగు గ్రంథాలయం ధైర్యంగా తలుపులు తెరుచుకోగలిగింది. జిల్లాలకు ఆ వెసులుబాటు లేదు. రాజధానిలో ప్రభుత్వమే పోషించిన ఆసఫియా గ్రంథాలయం 1891లో ఏర్పడి 1936 నాటికి అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున, మహాసౌధంలోకి చేరగా, మెదక్ జిల్లా పల్లెల్లో తెలుగు పుస్తకం ఎవరో ఒకరి ఇంటి అరుగునో, బడిలో ఓ మూలనో ఆశ్రయించవలసి వచ్చింది.

గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు (గస్తీ అంటే ప్రభుత్వ శాఖలు జారీచేసే సర్క్యులర్) ముందస్తు అనుమతి లేనిదే సభ జరపరాదని కట్టడి చేసింది. ఆ రోజుల్లో గ్రంథాలయ వార్షికోత్సవం కూడా సభే కనుక, నలుగురు కూర్చుని పద్యం చదువుకోవాలన్నా తాలూకా అధికారి వైపు చూడవలసిన పరిస్థితి. ఇటువంటి వాతావరణంలో, 1930 మార్చిలో, నేటి సంగారెడ్డి జిల్లాకు చెందిన జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా సమావేశమైంది. మహాసభకు మాతృకయైన ఆంధ్ర జనసంఘం 1921లో ఏర్పడినప్పటి నుంచే గ్రంథాలయాలు, పఠనమందిరాలు నెలకొల్పడాన్ని తన కార్యక్రమంలో చేర్చుకొన్నది. రాజధానికి దూరంగా, రెసిడెన్సీ నీడ లేని ఒక చిన్న పట్టణం ఆ తొలి సభకు వేదిక కావడం ఈ ప్రాంత చరిత్రలో ఇంకా తగినంత గుర్తింపు పొందని ఘనత.

భవనాలకు ఆధారం చట్టం ద్వారా వచ్చింది. 1955 నాటి హైదరాబాదు పౌర గ్రంథాలయాల చట్టం, ఆ తరువాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గ్రంథాలయాన్ని దాతల దయ నుంచి పన్ను చెల్లించేవారి హక్కుగా మార్చాయి. ఈ ఏర్పాటు ప్రకారం ప్రతి జిల్లాకు ఒక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. దాని కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, సిబ్బంది లేకుండా కొన్ని పుస్తకాలు మాత్రం ఉంచే పుస్తక నిక్షిప్త కేంద్రాలు నడుస్తాయి. పంచాయతీ ఇచ్చే ఇంటి పన్ను రశీదును నిదానంగా చూస్తే నీటి పన్ను, దీపాల పన్నుల వరుసలోనే గ్రంథాలయ పన్ను కనిపిస్తుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సు అది. పుస్తకాలు, పత్రికలు, బల్లలు, భవనాల మరమ్మతులు, అన్నింటికీ ప్రధాన ఆధారం ఆ చిన్న పద్దే. అప్పట్లో మెదక్ జిల్లాకు సంగారెడ్డి కేంద్రంగా ఉన్నందున జిల్లా కేంద్ర గ్రంథాలయం ఇక్కడ నెలకొన్నది; 2016 అక్టోబరు 11న సంగారెడ్డి వేరే జిల్లా అయింది.

1960ల నుంచి రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్, ఆపై పారిశ్రామికవాడలు వచ్చి ఈ ప్రాంతంలో జనాభా కొన్ని రెట్లు పెరిగింది. 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురం జీహెచ్ఎంసీలో విలీనమయ్యాయి. ఇళ్లు పెరిగితే సెస్సు పెరగాలి, సెస్సు పెరిగితే పఠనమందిరం విశాలం కావాలి. కాని వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమచేయడంలో ఆలస్యం తెలంగాణ అంతటా ఉన్న పాత రోగం. నేడు జిల్లా కేంద్రాల గ్రంథాలయాల్లో ఉదయం తలుపు తీయగానే నిండేవి గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల పరీక్షలకు చదివే యువతీయువకుల కుర్చీలు. వీరిలో చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకొని, భవనం నుంచి ఒక బల్ల, దీపం, ఫ్యాను, నిశ్శబ్దం మాత్రమే కోరుతున్నారు. అరుగు మీద మొదలైన గ్రంథాలయానికి స్థలమే తొలినాటి కొరత. ఇప్పటికీ అదే కొరత. పటాన్‌చెరు కర్మాగారాల్లో పనిచేసే ఒడిశా, బిహారు కార్మికులు ఇక్కడ అద్దె కట్టి బతుకుతున్నందున, ఆ అద్దెలోనే ఇంటి పన్నూ కలిసి ఉంటుంది గనుక, ఒడియా, హిందీ పత్రికలకు కూడా ఈ భవనాల్లో ఒక బల్ల కేటాయించడం న్యాయం.