బెజవాడలో ఒక కాపురం

అప్పట్లో బెజవాడ (నేటి విజయవాడ) ఉన్న కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి 1860 నాటి శిక్షాస్మృతి, దానిలో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షను ఇక్కడ 1862 నుంచే అమలయ్యాయి. నిజాం ఏలుబడిలోని హైదరాబాదుది వేరే దారి. 1329 ఫసలీలో, అంటే 1919లో, అక్కడ నపుంసకుల చట్టం వచ్చింది. నగరంలోని హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలని, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చని అది చెప్పింది. శిక్ష రెండేళ్ల దాకా. ఆ చట్టం 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా బతికే ఉంది.

ఇటు బెజవాడను పెంచినవి 1855 నాటి ఆనకట్ట, ఆ తర్వాత వచ్చిన రైలు. గవర్నర్‌పేటలో కోర్టులు, లాడ్జీలు, సినిమా హాళ్లు, బీసెంట్ రోడ్డు దుకాణాలు. పక్కనే గాంధీనగర్‌లో సినిమా పంపిణీదారుల ఆఫీసులు. ఇలాంటి పేటలో ఎవరు ఎవరితో నడుస్తున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, పార్కులు, సెకండ్ షో హాళ్లు: మన దేశపు నగరాల్లో మగవాళ్లు తమలాంటి మగవాళ్లను వెతుక్కున్న చోట్లు ఇవే. 2003లో గేట్స్ ఫౌండేషన్ నిధులతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో ‘ఆవాహన్’ హెచ్ఐవి నివారణ కార్యక్రమం మొదలైనప్పుడు, ఫీల్డు వర్కర్లు వెళ్లిందీ అక్కడికే. ‘కోతి’ (ఆడతీరు మగవాడు), ‘పంతి’ (అతని మగ జోడీ) అని వాళ్లలో వాళ్లు చెప్పుకునే మాటలు నివేదికలకెక్కాయి. వీళ్లు ఉన్నారని ప్రభుత్వం ఒప్పుకోవడానికి ఒక వ్యాధి రావలసి వచ్చింది; అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయినా తాము ఒంటరివాళ్లం కామని చాలామందికి తెలిసింది ఆ కార్యక్రమం కింద నడిచిన డ్రాప్-ఇన్ సెంటర్లలోనే.

ఆ నివేదికల్లో ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లు లేరు. సెకండ్ షో వదిలాక రోడ్డు మీద నిలబడే వెసులుబాటు వాళ్లకెక్కడిది? 377 చూపించి పోలీసులు బెదిరించింది మగవాళ్లను, హిజ్రాలను. ఆడపిల్లల విషయంలో ఆ పోలీసు పని కన్నవాళ్లే చేశారు: గదిలో పెట్టి తాళం వేయడం, తొందరపడి సంబంధం చూడడం. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షను కోరలు తీసింది, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది, చివరికి 2018 సెప్టెంబరు 6న ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. ఇంటి గడప లోపలి పెత్తనాన్ని ఇవేవీ తాకలేదు.

ఆ పెత్తనాన్ని తాకిన తీర్పు ఒకటి 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చింది. విజయవాడలో ఏడాదిగా కాపురముంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి ఇంటికి తీసుకుపోయి నిర్బంధించాడు. పోలీసులు విడిపించాక కొన్నాళ్లు సంక్షేమ గృహంలో ఉండి ఆమె విజయవాడకే తిరిగొచ్చింది. తండ్రి మళ్లీ వచ్చి తీసుకుపోయాడు. ఆమెను కోర్టు ముందుకు తేవాలని సహచరి హెబియస్ కార్పస్ పిటిషను వేసింది. జస్టిస్ ఆర్. రఘునందన్ రావు, జస్టిస్ కె. మహేశ్వరరావు నిర్బంధంలో ఉన్న యువతి మేజరని, ఎవరితో ఉండాలన్నది ఆమె ఇష్టమని, తల్లిదండ్రులు అడ్డు రాకూడదని ఆదేశించారు. తల్లిదండ్రుల మీద పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆమె చెప్పింది. వాళ్లపై క్రిమినల్ చర్య వద్దని ధర్మాసనం అంది. తీర్పు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి ఇదే.

ఆ కాపురానికి పెళ్లి హోదా లేదు. హైదరాబాదు జంట ఒకటి ముందుండి నడిపిన కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న స్వలింగ జంటలకు ఆ హోదాను నిరాకరించింది. అలాంటి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరిచి ఒకరికొకరు నామినీగా ఉండవచ్చని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. భార్యాభర్తలకు దక్కే వారసత్వ హక్కు మాత్రం వాళ్లకింకా రాలేదు.